కదలని కొత్త కారు: మోటారు వాహనాల్లో విద్యుత్, సాఫ్ట్‌వేర్ వైఫల్యాల చరిత్ర

1. పరిచయం

మోటారు వాహనాల చరిత్రను సాధారణంగా విజయాల వరుసగా చెబుతారు. మొదటి కారు, మొదటి అసెంబ్లీ లైను, మొదటి ఎయిర్‌బ్యాగ్ అంటూ ఆ కథ సాగుతుంది. ఈ పాఠంలో అదే చరిత్రను బండి ఆగిపోయిన సందర్భాల వైపు నుంచి చూద్దాం. పాతబడి, అరిగిపోయి ఆగిన బండ్లను ఇక్కడ లెక్కలోకి తీసుకోవడం లేదు. కొని ఏడాది, రెండేళ్లు కాకముందే, చక్రాలు, గేర్లు, యంత్రభాగాలు అన్నీ బాగుండగానే, కరెంటు దగ్గరో ప్రోగ్రాము దగ్గరో లోపం వచ్చి కదలకుండా నిలిచిపోయిన బండ్లే మన పాఠ్యవిషయం.

ఇలాంటి బండి యజమానికి తక్షణం కలిగే నష్టం తెలిసిందే. బండి ఇంటి ముందు ఉంటుంది, వాయిదాలు మాత్రం బ్యాంకు ఖాతాలోంచి నెలనెలా పోతూనే ఉంటాయి. చరిత్ర విద్యార్థి దీనితోపాటు ఇంకో ప్రశ్న కూడా వేసుకోవాలి. ఆగిన బండి ఎందుకు ఆగిందో చెప్పగలిగే జ్ఞానం ఏ కాలంలో ఎవరి చేతిలో ఉంది? గత వందేళ్లలో ఆ జ్ఞానం చేతులు మారుతూ వచ్చింది. ఆ మార్పే ఈ పాఠానికి వెన్నెముక.

2. సెల్ఫ్ స్టార్టరు, దానితో వచ్చిన పరాధీనత

తొలినాటి కార్లను స్టార్ట్ చేయాలంటే ముందు వైపు నిలబడి ఇనప హ్యాండిల్ తిప్పాలి. ఇంజను ఎదురు తన్నితే మణికట్టు విరిగేది. ఈ బాధను తప్పించినవాడు అమెరికాలోని డేటన్ నగరానికి చెందిన ఇంజనీరు చార్లెస్ కెటరింగ్. అంతకు ముందు ఆయన నగదు లెక్క యంత్రాలు తయారుచేసే కంపెనీలో పనిచేసి, ఆ యంత్రాన్ని విద్యుత్తుతో నడిపే మోటారు రూపొందించాడు. మోటారు రోజంతా తిరగనక్కరలేదు, కొద్ది క్షణాలు గట్టిగా తిరిగితే చాలు అన్న గ్రహింపు ఆయనకు అక్కడే కలిగింది. అదే సూత్రంతో ఆయన సంస్థ డెల్కో తయారుచేసిన సెల్ఫ్ స్టార్టరు 1912 మోడల్ క్యాడిలాక్ కారులో వచ్చింది. స్టార్టరు, దీపాలు, ఇగ్నిషన్ మూడూ ఒకే విద్యుత్ వ్యవస్థలో భాగమయ్యాయి.

ఆ రోజుల్లో మాగ్నెటోతో, చేతి హ్యాండిల్‌తో నడిచే కారుకు బ్యాటరీ లేకపోయినా ఇబ్బంది లేదు. 1912 తర్వాత బ్యాటరీ లేని కారు క్రమంగా ఊహకు అందనిదైంది. అయినా చాలాకాలం పాత మార్గం పూర్తిగా మూసుకుపోలేదు. మన దేశంలో అంబాసిడర్ డిక్కీలో చాలా ఏళ్లపాటు హ్యాండిల్ ఉండేది. అదీ లేకపోతే నలుగురు కలిసి తోస్తే, సెకండ్ గేరులో క్లచ్ వదిలితే బండి అందుకునేది. బండి తోయడం మన వీధుల్లో ఒక సామాజిక ఆచారం లాంటిది. అడగకపోయినా ఎవరో ఒకరు వచ్చి చెయ్యి వేసేవారు. ఈ ప్రత్యామ్నాయ మార్గాలు ఎప్పుడు, ఎలా మాయమయ్యాయో గమనిస్తూ ఉండండి. కొత్త బండి పూర్తిగా నిస్సహాయమైపోవడానికి మూలం అక్కడే ఉంది.

3. పాయింట్లు పోయి పెట్టె వచ్చింది

కెటరింగ్ రూపొందించిన ఇగ్నిషన్ పద్ధతి సుమారు అరవై ఏళ్లపాటు రాజ్యమేలింది. బ్యాటరీ, కాయిల్, డిస్ట్రిబ్యూటరు, అందులో తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండే కాంటాక్ట్ పాయింట్లు, కండెన్సరు, స్పార్క్ ప్లగ్గులు: ఇంతే సరంజామా. ఇది తరచూ చెడిపోయేది. పాయింట్లు కాలేవి, వర్షంలో డిస్ట్రిబ్యూటరు మూతలో తేమ చేరేది. బ్రిటిష్ కార్లకు విద్యుత్ పరికరాలు అందించిన బర్మింగ్‌హామ్ కంపెనీ లూకాస్‌కు అక్కడి వాహనదారులు 'చీకటి రాకుమారుడు' అని ముద్దుపేరు పెట్టుకున్నారంటే పరిస్థితి అర్థం చేసుకోవచ్చు. అయితే ఆ చెడిపోవడం కంటికి కనిపించేది. టెస్ట్ బల్బు, గరుకు కాగితం ముక్క, ప్లగ్ స్పానరు ఉన్న మెకానిక్ పావుగంటలో కారణం పట్టుకునేవాడు. దాన్ని యజమానికి వేలితో చూపించగలిగేవాడు కూడా.

ఎలక్ట్రానిక్స్ ఈ రంగంలోకి తొలిసారి అడుగుపెట్టినప్పుడే తడబడింది. అమెరికన్ కంపెనీ బెండిక్స్ రూపొందించిన 'ఎలక్ట్రోజెక్టర్' అనే ఇంధన ఇంజెక్షన్ వ్యవస్థను క్రైస్లర్ 1958 మోడల్ కార్లలో అమ్మింది. అమ్ముడైనవి కొన్ని డజన్లే. ఇంజను దగ్గరి వేడిని, అదురును ఆనాటి విడిభాగాలు తట్టుకోలేకపోయాయి. చాలా కార్లను వెనక్కి రప్పించి కార్బురేటరు బిగించి పంపారు. ఆ ఆలోచన మాత్రం చావలేదు. బెండిక్స్ పేటెంట్లు జర్మనీలోని బాష్ కంపెనీకి చేరాయి. 1967లో డి-జెట్రానిక్ పేరుతో ఫోక్స్‌వాగన్ 1600 కారులో అదే ఆలోచన నిలదొక్కుకుంది.

కొనుగోలుదారు అడిగినందువల్ల కారులోకి కంప్యూటరు రాలేదన్న విషయం ఇక్కడ గుర్తుంచుకోవాలి. 1970లో అమెరికా చేసిన స్వచ్ఛ వాయు చట్టం పొగలోని ముఖ్యమైన కాలుష్యాలను 90 శాతం మేర తగ్గించాలని కోరింది. గాలి, పెట్రోలు పాళ్లను అంత ఖచ్చితంగా కలపడం కార్బురేటరుకు సాధ్యం కాదు. పొగగొట్టంలో ఆక్సిజన్ సెన్సరు పెట్టి, అది చెప్పినదాన్ని బట్టి క్షణక్షణం ఇంధనాన్ని సరిచేసే కంప్యూటరు కావలసి వచ్చింది. జనరల్ మోటార్స్ 1981 నాటికి అమెరికాలో తన పెట్రోలు కార్లన్నింటికీ దాదాపుగా ఇలాంటి నియంత్రణ అమర్చింది.

తొందరలో చేసిన పనికి ఫలితం ఆ ఏడాదే కనిపించింది. 1981 క్యాడిలాక్‌లో వచ్చిన 'వి8-6-4' ఇంజను, అవసరాన్ని బట్టి ఎనిమిది సిలిండర్లలో రెండింటినో నాలుగింటినో ఆపేసి ఇంధనం పొదుపు చేయాలి. యాంత్రికంగా అందులో పెద్ద లోపం లేదు. కానీ ఎప్పుడు ఎన్ని సిలిండర్లు ఆపాలో తేల్చవలసిన కంప్యూటరు ఆ వేగానికి సరిపోలేదు. కారు కుదుపులతో నడిచేది. కంపెనీ పదికి పైగా సార్లు కొత్త ప్రోగ్రాము చిప్పులు పంపినా సమస్య తీరలేదు. చివరికి చాలామంది యజమానులు షోరూమ్‌లో ఆ వ్యవస్థకు వెళ్లే ఒక తీగను ఊడదీయించుకుని, ఎనిమిది సిలిండర్లతోనే నడుపుకున్నారు. లిమోజిన్లకు తప్ప తక్కిన మోడళ్లకు మరుసటి ఏడాదే దాన్ని మానేశారు. అదే 1981లో క్రైస్లర్ తన ఖరీదైన 'ఇంపీరియల్' కారుకు ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ పెట్టింది. గాయకుడు ఫ్రాంక్ సినాట్రా చేత ప్రచారం కూడా చేయించింది. ఫిర్యాదులు పెరిగాక ఎన్నో కార్లకు కంపెనీయే కార్బురేటరు బిగించి ఇచ్చింది. 1958 నాటి కథ 23 ఏళ్లకు మళ్లీ జరిగింది.

ఈ రెండు ఉదాహరణలలోనూ వెనక్కి వెళ్లే దారి ఉండటం గమనించదగ్గ అంశం. ఒకచోట తీగ తీశారు, మరోచోట పాత పరికరం పెట్టారు. తర్వాతి తరం బండ్లకు ఆ వెసులుబాటు లేదు.

మన దేశంలో ఈ మార్పు ఆలస్యంగా, కానీ వేగంగా వచ్చింది. 1999లో ఢిల్లీ ప్రాంతానికి సంబంధించి సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వుల తర్వాత కార్లలో కార్బురేటరు కనుమరుగు కావడం మొదలైంది. 2020 ఏప్రిల్‌లో బి.ఎస్.-6 ప్రమాణాలు వచ్చాక మోటారు సైకిళ్లలో కూడా ఇంజెక్షన్ దాదాపు తప్పనిసరైంది. చెట్టు కింద షెడ్డు పెట్టుకున్న మెకానిక్‌కు ల్యాప్‌టాప్ అవసరం పడింది.

4. ఒకే తీగ మీద అందరి మాటలు

1980లలో ఇంజనుకు ఒక కంప్యూటరు, బ్రేకులకు ఒకటి, గేర్లకు ఒకటి చేరాయి. ఒక్కోదాని నుంచి ఒక్కోదానికి విడివిడిగా తీగలు లాగితే కట్ట మనిషి చెయ్యంత లావయ్యే పరిస్థితి. దీనికి బాష్ ఇచ్చిన పరిష్కారం 'క్యాన్' అనే సమాచార జాలం. 1983లో పని మొదలుపెట్టి 1986లో డెట్రాయిట్ సదస్సులో దాన్ని ప్రకటించారు. 1990ల ఆరంభంలో మెర్సిడెస్ ఎస్-క్లాస్‌తో అది కార్లలోకి వచ్చింది.

దీన్ని రచ్చబండ దగ్గరి సభతో పోల్చవచ్చు. మెలివేసిన రెండు తీగల మీద కంప్యూటర్లన్నీ మాట్లాడతాయి, అందరి మాటా అందరికీ వినబడుతుంది. ఇద్దరు ఒకేసారి మొదలుపెడితే, తక్కువ సంఖ్య గుర్తుగా ఉన్న సందేశానికి దారి దొరుకుతుంది, రెండోవారు తగ్గి ఊరుకుంటారు. బ్రేకు సందేశానికి చిన్న సంఖ్య, రేడియో సందేశానికి పెద్ద సంఖ్య ఇస్తే సరిపోతుంది. పదేపదే తప్పు మాట్లాడుతున్న కంప్యూటరు తనను తానే సభ నుంచి వెలివేసుకునే నియమం కూడా ఇందులో ఉంది. ఇంత చక్కని ఏర్పాటుకూ ఒక బలహీనత ఉంది. ఆ రెండు తీగలే ఎక్కడైనా ఒకదానికొకటి తగిలితే సభ మొత్తం మూగబోతుంది. డోరులో నీరు చేరి చిన్న కనెక్టరు తుప్పు పడితే ఇంజను స్టార్ట్ కాకపోవడం, డాష్‌బోర్డు మీద సంబంధం లేని పది దీపాలు ఒకేసారి వెలగడం ఈ కాలపు ప్రత్యేకత. కారణం ఒకచోట ఉంటే లక్షణం మరోచోట కనిపిస్తుంది.

2003 మే నెలలో బ్యాంకాక్‌లో జరిగిన ఘటన ప్రపంచమంతా వార్త అయింది. థాయ్‌లాండ్ ఆర్థికమంత్రి సుచార్ట్ జావోవిసిధా ప్రయాణిస్తున్న అధికారిక బి.ఎం.డబ్ల్యు. కారు కంప్యూటరు మొరాయించింది. తలుపులు, అద్దాలు బిగుసుకుపోయాయి, ఏసీ ఆగింది. పది నిమిషాలకు పైగా లోపలే ఉండిపోయిన మంత్రిని, డ్రైవరును భద్రతా సిబ్బంది సుత్తితో అద్దం పగలగొట్టి బయటకు తీశారు. నవ్వుకుని వదిలేయవలసిన సంగతి కాదిది. మే నెల బ్యాంకాక్ ఎండ ఎలా ఉంటుందో మన ఎండలు తెలిసినవారికి చెప్పనక్కరలేదు.

మెర్సిడెస్ అనుభవం ఆర్థికంగా ఇంకా పెద్దది. బ్రేకు పెడల్‌కూ చక్రాలకూ మధ్య ఎలక్ట్రానిక్ నియంత్రణ పెట్టిన వ్యవస్థ కారణంగా 2004లో 6,80,000 కార్లను వెనక్కి పిలిచింది. 2005 మార్చిలో ఆల్టర్నేటరు రెగ్యులేటరు, బ్యాటరీ నియంత్రణ సాఫ్ట్‌వేర్, బ్రేకులు కలిపి 13 లక్షల కార్లకు మరోసారి రీకాల్ ప్రకటించింది. 2006లో ఇ-క్లాస్ నుంచి ఆ బ్రేకు వ్యవస్థనే తీసేసింది. కంపెనీలు విడివిడిగా రాసుకుంటున్న ప్రోగ్రాములకు ఉమ్మడి పునాది వేయాలని జర్మన్ కంపెనీలు ప్రధానంగా పూనుకుని 2003లో 'ఆటోసార్' కూటమిని నెలకొల్పడం ఇదే నేపథ్యంలో జరిగింది.

మీ అవగాహనను పరీక్షించుకోండి: పాయింట్ల కాలంలో లోపానికీ లక్షణానికీ ఉన్న సంబంధం, క్యాన్ జాలం వచ్చాక ఎలా మారింది? మీకు తెలిసిన ఒక మెకానిక్‌ను అడిగి ఆయన అనుభవాన్ని అర పేజీలో రాయండి.

5. నిద్రపోని కంప్యూటర్లు, చిన్న బ్యాటరీ

రాత్రి చక్కగా నడిచిన కొత్త కారు తెల్లారేసరికి చచ్చిపడి ఉండటానికి తరచుగా కనిపించే కారణం ఒకటుంది. తాళం వేసిన కొద్ది నిమిషాలకు కారులోని కంప్యూటర్లన్నీ నిద్రలోకి జారుకోవాలి. అప్పుడు బ్యాటరీ మీద పడే భారం 30 మిల్లీ ఆంపియర్ల స్థాయికి దిగుతుంది. 60 ఆంపియర్-అవర్ బ్యాటరీ ఆ లెక్కన 2,000 గంటలు, అంటే 80 రోజులకు పైగా ఉంటుంది. ప్రోగ్రాములో తప్పు వల్ల ఒక్క కంప్యూటరు మేలుకుని ఉండి పక్కవాటిని కూడా నిద్రపోనివ్వకపోతే భారం 3 ఆంపియర్లకు పెరగవచ్చు. అప్పుడు అదే బ్యాటరీ 20 గంటల్లో ఖాళీ. బ్యాటరీ మారుస్తారు, మళ్లీ ఖాళీ అవుతుంది. సర్వీస్ సెంటరులో పరీక్షించే వేళకు ఆ కంప్యూటరు బుద్ధిగా నిద్రపోతుంది. 'లోపం ఏదీ కనబడలేదు' అని కాగితం రాసి బండి తిరిగి ఇచ్చేస్తారు. నా దృష్టిలో ఈ యుగపు ప్రాతినిధ్య పత్రం ఆ కాగితమే.

ఎలక్ట్రిక్ కారులో ఈ సమస్య మరింత విచిత్రమైన రూపం తీసుకుంది. హ్యుందాయ్ అయోనిక్ 5 మన దేశంలో 72.6 కిలోవాట్-అవర్ల పెద్ద బ్యాటరీతో వచ్చింది. అయితే ఆ పెద్ద బ్యాటరీని మోటారుకు కలిపే స్విచ్చులు పనిచేయాలంటే 12 వోల్టుల చిన్న సహాయక వ్యవస్థ బతికి ఉండాలి. ప్రమాదం జరిగితే అధిక వోల్టేజి దానంతటదే తెగిపోవడానికి చేసిన ఏర్పాటు అది. చిన్న బ్యాటరీని నింపే పని పెట్రోలు కారులో ఆల్టర్నేటరు చేస్తే, ఇక్కడ ఐ.సి.సి.యు. అనే చార్జింగ్ నియంత్రణ పెట్టె చేస్తుంది. వోల్టేజిలో క్షణికంగా వచ్చే ఎగుడుదిగుళ్ల వల్ల, వేడి వల్ల దాని లోపలి భాగాలు దెబ్బతిన్నాయి. చిన్న బ్యాటరీ నిండటం ఆగింది. బండి హెచ్చరిక ఇచ్చి, వేగం తగ్గించుకుని, చివరికి నిలిచిపోయేది. పెద్ద బ్యాటరీలో వందల కిలోమీటర్లకు సరిపడా శక్తి ఉండగానే!

2024 మార్చిలో అమెరికాలో సుమారు 99 వేల హ్యుందాయ్, జెనెసిస్ కార్లకు రీకాల్ వచ్చింది. నవంబరులో ఆ సంఖ్య 1,45,000 దాటింది. మొదటి విడతలో మరమ్మతు చేసిన కార్లను కూడా మళ్లీ పిలవవలసి వచ్చింది. భారతదేశంలో 2024లోనే 1,744 అయోనిక్ 5, 1,138 కియా ఇ.వి.6 కార్లను ఇదే కారణంతో పిలిచారు. వీటిలో ఇ.వి.6 దిగుమతి అయిన బండి. అనంతపురం ప్రాంతంలోని పెనుకొండ ఫ్యాక్టరీలో తయారైనది కాదు. పరిష్కారం మొదట సాఫ్ట్‌వేర్ మార్పు, దెబ్బతిన్నచోట పెట్టె మార్పిడి. ఇక్కడ బండిని తోసి స్టార్ట్ చేయడమన్న మాటే లేదు.

6. ఆగిపోవడం ఎప్పుడూ లోపమేనా?

పై కథనం చదివాక సాఫ్ట్‌వేర్ అంటే అపాయం అనే తీర్మానానికి వచ్చేయవద్దు. టొయోటా 2014 ఫిబ్రవరిలో ప్రపంచవ్యాప్తంగా 19 లక్షల ప్రియస్ హైబ్రిడ్ కార్లను పిలిచింది. వోల్టేజిని పెంచే భాగాన్ని నియంత్రించే ప్రోగ్రాము వల్ల ట్రాన్సిస్టర్లు మితిమీరి వేడెక్కేవి. అలా జరిగినప్పుడు కారు దీపాలు వెలిగించి, శక్తి తగ్గించుకుని, కొన్ని సందర్భాల్లో పూర్తిగా ఆగేది. ఆగడం ఇక్కడ తప్పు ప్రోగ్రాము ఫలితం కొంత, మరింత నష్టం జరగకుండా మరో ప్రోగ్రాము తీసుకున్న నిర్ణయం కొంత. పాత ఇంజను పాడవుతూ కూడా ఇంటిదాకా తెచ్చేది. కొత్త బండి తన పరిస్థితి తానే చూసుకుని నడవనని చెబుతుంది. ఎంతవరకు నడిపించాలి, ఎక్కడ ఆపాలి అన్న గీత గీసింది కార్యాలయంలో కూర్చున్న ఇంజనీర్లు. రోడ్డు మధ్యలో ఉన్న డ్రైవరును ఎవరూ అడగలేదు.

మరోవైపు, కంప్యూటరుతో సంబంధమే లేని చిన్న విద్యుత్ భాగం ఎంత ఘోరం చేయగలదో జనరల్ మోటార్స్ ఇగ్నిషన్ స్విచ్ చెబుతుంది. షెవర్లే కోబాల్ట్ వంటి కార్లలో తాళంచెవి తిరగడానికి కావలసిన బిగువు చాలక, మోకాలు తగిలినా, తాళాల గుత్తి బరువుకైనా స్విచ్ జారిపోయేది. పరిగెడుతున్న కారులో ఇంజను ఆగేది, ఎయిర్‌బ్యాగులూ పనిచేయకుండా పోయేవి. 2014లో సుమారు 26 లక్షల కార్లను పిలిచారు. కంపెనీ ఏర్పాటుచేసిన పరిహార నిధి 124 మరణాలను గుర్తించింది. చరిత్ర విద్యార్థికి ఇందులో ఒక ప్రత్యేక పాఠం ఉంది. ఆ స్విచ్‌ను 2006లోనే సరిచేశారు, కానీ భాగం సంఖ్య మార్చలేదు. పాతదీ కొత్తదీ కాగితం మీద ఒకటే కావడంతో తర్వాత దర్యాప్తు చేసినవారు ఏళ్ల తరబడి తికమకపడ్డారు.

7. వండకుండానే వడ్డించడం

ఇంటర్నెట్ ద్వారా బండి ప్రోగ్రామును మార్చే వీలు వచ్చాక తయారీదారుల ధోరణి మారింది. ముందు అమ్ముదాం, తర్వాత సరిచేద్దాం అన్న భరోసా వారికి కలిగింది. ఫోక్స్‌వాగన్ ఐడి.3 కార్లు 2020లో కొన్ని సదుపాయాలు పూర్తికాకుండానే కొనుగోలుదారులకు అందాయి. ఇంటర్నెట్ ద్వారా సరిచేసే ఏర్పాటే సిద్ధం కాకపోవడంతో తొలి కార్లను వర్క్‌షాపుకు తీసుకెళ్లి ప్రోగ్రాము ఎక్కించారు. 2023 డిసెంబరులో షెవర్లే బ్లేజర్ ఎలక్ట్రిక్ కారు పాత్రికేయుల చేతుల్లోనే ఆగిపోయింది. ఒకరు వర్జీనియా గ్రామీణ ప్రాంతంలో చార్జింగ్ కేంద్రం దగ్గర చిక్కుకున్నారు. జనరల్ మోటార్స్ అమ్మకాలు నిలిపివేసి, సాఫ్ట్‌వేర్ సరిచేసి, ధర తగ్గించి 2024 మార్చిలో మళ్లీ మొదలుపెట్టింది. సామాన్య కొనుగోలుదారుకు ఇంత త్వరగా స్పందన దొరికేదా అన్నది ఆలోచించవలసిన విషయం.

8. నిమ్మకాయ చట్టం, మన చట్టం

మన దగ్గర కొత్త బండి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తాం. అమెరికా వాడుకలో చెడిపోయే కొత్త బండినే 'నిమ్మకాయ' అంటారు. 1982లో కనెక్టికట్ రాష్ట్రం మొదటి 'నిమ్మకాయ చట్టం' చేసింది. ఒకే లోపాన్ని నాలుగుసార్లు బాగుచేయబోయినా తీరకపోతే, లేదా బండి మొత్తం 30 రోజులు షెడ్డులోనే ఉండిపోతే, కొనుగోలుదారుకు మార్పిడికి గానీ డబ్బు వాపసుకు గానీ హక్కు వస్తుంది. లోపం ఎందుకు వచ్చిందో యజమాని నిరూపించనక్కరలేదు, ఎన్నిసార్లు వచ్చాడో లెక్క చూపితే చాలు. సాంకేతిక జ్ఞానం లేని పక్షాన్ని కాపాడటంలో ఈ చట్టం తెలివి అక్కడే ఉంది.

భారతదేశంలో ఇలాంటి ప్రత్యేక చట్టం లేదు. వినియోగదారుల రక్షణ చట్టం (1986, దాని స్థానంలో 2019) కింద ఫిర్యాదు చేయాలి. 2006లో మారుతి ఉద్యోగ్‌కు సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు, వారంటీ షరతులను బట్టి భాగం మార్చితే సరిపోయే చోట బండి మొత్తం మార్చమనడం తగదని చెప్పింది. క్లచ్ విషయంలో ఆ వాదన సమంజసంగానే ఉంటుంది. ఎప్పుడు వస్తుందో తెలియని ప్రోగ్రాము లోపానికి మార్చవలసిన 'భాగం' ఏది? 2019లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన 110ఎ సెక్షను ప్రభుత్వానికి రీకాల్ ఆదేశించే అధికారం ఇచ్చింది. డబ్బు వాపసు, బండి మార్పిడి, మరమ్మతు మూడింటినీ అది పేర్కొంటుంది. అయితే ఆ అధికారం పర్యావరణానికి, ప్రయాణికులకు, రోడ్డు మీది ఇతరులకు హాని కలిగించే లోపాలకు సంబంధించినది. ఇంటి ముందు కదలకుండా నిలిచిన బండి ఎవరికీ హాని చేయదు కదా!

ఇక సాక్ష్యం సంగతి. అమెరికాలో 1996 నుంచి ప్రతి కారులో తప్పనిసరైన ఓ.బి.డి.-2 సాకెట్టు ద్వారా ఎవరైనా చదవగలిగేవి ప్రధానంగా పొగకు సంబంధించిన లోపాల సంకేతాలు. ఏ కంప్యూటరు నిద్రపోలేదు, చిన్న బ్యాటరీ ఎప్పుడు పడిపోయింది వంటి వివరాలు చాలావరకు తయారీదారు సొంత పరికరానికే దొరుకుతాయి. అంటే ఫిర్యాదులో ప్రతివాది చేతిలోనే రుజువు ఉంటుంది. మసాచుసెట్స్ ఓటర్లు ఈ సమాచారం యజమానికి, బయటి మెకానిక్‌కు కూడా అందాలని 2012లో ఒకసారి, వైర్‌లెస్ సమాచారాన్ని కూడా చేరుస్తూ 2020లో సుమారు 75 శాతం మద్దతుతో మరోసారి తీర్పు ఇచ్చారు. రెండో చట్టాన్ని కార్ల కంపెనీలు వెంటనే కోర్టుకు తీసుకెళ్లాయి. మన దేశంలో వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో 'మరమ్మతు హక్కు'పై కమిటీ వేసి, తొలి విడతగా ఎంచుకున్న రంగాలలో వ్యవసాయ పరికరాలు, మొబైల్ ఫోన్లు, గృహోపకరణాలతో పాటు మోటారు వాహనాలనూ చేర్చింది.